మస్కట్ పసుపు గీత

మా ఆయన ఆరోన్ మస్కట్‌లో ట్రెయిలర్ నడుపుతాడు. స్టీరింగ్ పట్టడం నేర్చుకుందే అక్కడ. పోయిన సెలవుల్లో పాత కారొకటి కొని, గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు నిలబెట్టి, నన్ను నేర్చుకోమని చెప్పి వెళ్లిపోయాడు. అంతకుముందు మా ఫోన్ల సంబడం చెప్పాలా? "తిన్నవా?" "తిన్న. నువ్వు?" "తిన్న." ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచేది కాదు.

కారు పుణ్యమా అని మనిషికి మాటలొచ్చాయి. డ్యూటీ దిగగానే పాఠం మొదలు.

"పసుపు గీత అంటే రోడ్డు అంచు, డెబోరా. గోడ లెక్క దాన్ని పట్టుకోని పో, ఏం గాదు. నడుమ తెల్లగీత ఉంటది. దాని జోలికి పోకు."

ఎంత ముద్దుగా చెప్పేవాడో. ఆ గొంతు కోసం పొద్దంతా ఎదురుచూసేదాన్ని.

పక్క క్వార్టర్ రాజం కాక గనిలో డంపర్ నడిపి రిటైరైనవాడు. ఆయన నన్ను మంచిర్యాల రోడ్డెక్కించాడు. అంచున ఉన్న తెల్లగీత బొగ్గుపొడి కింద కనబడకుండా పోయింది. కనిపించేది పసుపు గీత ఒక్కటే. మా ఆయన చెప్పాడు కదా అని దాన్నే అంచనుకుని ఎడమపక్కన పెట్టుకుని పోతుంటే ఎదురుగా టిప్పర్ వచ్చేసింది. కాక స్టీరింగ్ లాగకపోతే నా పని అయిపోయేది.

"ఏందమ్మా గిట్ల? మన దగ్గర పసుపు గీత నడుమ ఉంటది. దాన్ని దాటొద్దు. ఎవలు చెప్పిన్రు నీకు?"

చెప్పలేదు. మొగుడి పరువు నేనెందుకు తీస్తాను? ఆరోన్‌కూ చెప్పలేదు. చెబితే నవ్వి, ఇక కాకనే అడుగు అంటాడు. మళ్లీ "తిన్నవా" దగ్గరికొస్తాం. అందుకే కాక చెప్పినట్టు నడిపాను, ఆరోన్ చెప్పింది విన్నాను.

ఇవాళ లైసెన్సు టెస్టు పాసయ్యాను. ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చుంటే ఏడుపొచ్చింది. ఈ సంతోషం చెప్పుకోవడానికి ఉన్నది ఆయన ఒక్కడే, ఆయనకు చెబితే పాఠం ఆగిపోతుంది.

ఫోన్ మోగింది. "ఏమైంది?"

"ఫెయిలైన," అన్నాను.



"కాక ఫోన్ చేసిండు. పాసైనవంట గదా."

అటు ఆయన గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"సరే, ఫెయిలైనవ్," అన్నాడు చివరికి. "మొదటినుంచి చెప్త, విను. పసుపు గీత అంటే రోడ్డు అంచు."

"ఊఁ," అన్నాను.