తండ్రి పేరు పీటర్

ధనుంజయ కొడవలి పట్టుకుని వచ్చేసరికి మా నీలమ్మ చిన్నమ్మ వీధిలో పడుగు చాపి గంజి పెడుతోంది. అవతలి కొసన కర్ర బిగించి పట్టుకుని యోరిస్ నిలబడ్డాడు. ధనుంజయ నేరుగా పడుగు నడుమకు వచ్చి కొడవలి వేశాడు. పోగులన్నీ తెగి రెండు పక్కలకూ ఎగిరిపోయాయి. యోరిస్ కర్రతో సహా వెనక్కి పడ్డాడు.

"ఏమ్రా ధనుంజయా, కండ్లు మూసుకపోయినాయా?" అని చిన్నమ్మ అరిచింది.

"ఇప్పుడు తెరుసుకున్నాయి వదినా. ఇదేందో సదువు." ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. "నీకు సదువు రాదు గదా. సునీతా, నువ్వు సదువు. గట్టిగా సదువు, వీధంతా వినాల."

అది ఆదోని రిజిస్ట్రార్ ఆఫీసు గోడకు అంటించిన నోటీసు ఫోటో. నేను చదవలేదు. దాన్ని నింపింది నేనే.

యోరిస్‌ది బెల్జియం. ఎనిమిదేళ్లుగా ఆదోనిలో ఒక నూలు మిల్లులో యంత్రాలు చూసే ఇంజనీరు. చేతిమగ్గాలు చూద్దామని ఎమ్మిగనూరు వచ్చి, భర్త పోయిన మా చిన్నమ్మ మగ్గం దగ్గరే కూర్చుండిపోయాడు. నాలుగేళ్ల కిందట పెళ్లి చేసుకుంటామన్నారు. మా వీధిలో ఇంటిపేరు లేనివాడికి పిల్లనివ్వరు. అందుకని ధనుంజయ తండ్రి, ఎదురింటి పెద్దయ్య తాత ఆయన్ని కొడుకుగా తీసుకున్నాడు. పదిమంది ముందు పీట మీద కూర్చోబెట్టి, తన మగ్గం నూలుతో పేనిన మొలతాడు కట్టి, పోగుల నరసన్న అని పేరు పెట్టాడు. పెళ్లి కార్డు మీద, గుడి రసీదు మీద ఆ పేరే రాయించారు. అందులో తప్పు ఎవరికీ కనబడలేదు. డిగ్రీ చదివిన నాకూ కనబడలేదు.

ఈ ఏడు యోరిస్‌కు అరవై నిండాయి. మిల్లు పని చాలించి ఎమ్మిగనూరులోనే ఉండిపోతానన్నాడు. ఉద్యోగం మానేస్తే దానితో వచ్చిన వీసా కూడా పోతుంది. నేను వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని చదివాను. రిటైరైన విదేశీయుడు ఇక్కడే ఉండడానికంటూ మన దేశంలో వీసా లేదు. టూరిస్టుగా వస్తే ఏడాదిలో సగమే ఉండనిస్తారు. తక్కిన సగం ఎక్కడుంటాడు? అక్కడ ఆయనకు ఇల్లు లేదు, మనిషి లేడు. ఇక మిగిలిన దారి, భారతీయురాలి భర్తగా వీసా మార్పించుకోవడం. దానికి పెళ్లి సర్టిఫికెట్ కావాలి. కార్డు చూపిస్తే ఆదోని గుమాస్తా మర్యాదగానే అడిగాడు: "ఈమె మొగుడు నరసన్న. మరి ఈయన ఎవరమ్మా?"

అందుకే పాస్‌పోర్టు పేరుతో మళ్లీ దరఖాస్తు పెట్టాం. ముప్పై రోజులు నోటీసు, తర్వాత ముగ్గురు సాక్షుల సంతకాలు. నోటీసు గడువు సోమవారం ముగిసింది. బుధవారం సంతకాలు. వీసా శుక్రవారం దాకే. ధనుంజయ కొడవలితో వచ్చింది మంగళవారం.

"యోరిస్ మార్టెన్స్, తండ్రి పేరు పీటర్!" తనే చదివాడు. "పీటర్ ఎవడప్పా? మా నాయన సచ్చినాడా?"

"పాస్‌పోర్టులో, పుట్టిన సర్టిఫికెట్‌లో ఉండేదే రాయాలన్నా," అన్నాను.

"నువ్వు సదివి ఎలగబెట్టింది ఇదేనా!" చెంప పగలగొట్టాడు. నా నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

యోరిస్ లేచి మధ్యలోకి వచ్చాడు. మా మాట ఆయనకు బాగానే వచ్చు. "తమ్మీ, అది కాయితం. నాయన నాయనే."

"తమ్మి అంటే నాలుక కోస్తా!"

ధనుంజయ ఆయన కడుపులో తన్నాడు. చొక్కా పట్టుకుని ఇంట్లోకి ఈడ్చి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోకి తోశాడు. మగ్గం కర్ర ఊడబెరికాడు. తల కాచుకోవడానికి యోరిస్ కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. మొదటి దెబ్బకు కేక వినబడింది. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు వినబడింది. ధనుంజయ గుంతలోకి వంగి, ఆయన నడుముకున్న మొలతాడు పట్టి గుంజాడు. తెగింది.

"ఇది మా ఇంటి నూలు. పీటర్‌ను అడిగి కట్టించుకో, పో!"

అప్పుడొచ్చాడు పెద్దయ్య తాత. కొడుకు చేతిలోని కర్ర పట్టుకున్నాడు. ధనుంజయ వెనక్కి చూడకుండా మోచెయ్యి విసిరాడు. ముసలాయన గడప మీద పడ్డాడు. ముందు పన్ను ఊడి మగ్గం పక్కన పడింది.

చిన్నమ్మ పడుగుకు బరువు కట్టే రాయి రెండు చేతులతో ఎత్తింది. ధనుంజయ తల మీద వేసింది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నెత్తురు కండ్లలోకి కారింది.

"మీ అన్న మింద ఇంకొక దెబ్బ పడితే నిన్ను ఈ గుంతలోనే పూడ్సి, పైన కూసోని సీర నేస్తా," అంది. గొంతు పెంచలేదు. వాడు గోడ పట్టుకుని లేచి, గడప మీద తండ్రిని దాటుకుని వెళ్లిపోయాడు.

తాతకు ఫోటో సంగతి అప్పుడే తెలిసింది. కింద పడిన వాడి ఫోన్ ఇచ్చి నన్ను చదవమన్నాడు. రెండోసారి కూడా చదివించుకున్నాడు. నోరు తుడుచుకుని, తన ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆసుపత్రిలో యోరిస్ చేతికి కట్టు కట్టించాం. సాయంత్రం కిరణ్ వచ్చాడు. నేనూ పక్కింటి మంజులక్కా కాక, మేం అనుకున్న మూడో సాక్షి అతనే. "నాకు పెండ్లాం బిడ్డలుండారక్కా, నన్ను ఇడ్సిపెట్టు," అన్నాడు. ఎనిమిది ఇళ్లు తిరిగాను. అందరూ గంజిలో నానిన పడుగును, గడప మీది నెత్తురును చూసినవాళ్లే. ఒక్కరూ వస్తామనలేదు.

"సునీతా, శుక్రవారం నేను పోవాల్నా?" అని యోరిస్ అడిగాడు. చిన్నమ్మ నావైపు చూసింది. నేను కాయితాలన్నీ సంచిలో సర్దాను.

బుధవారం ఆదోనిలో మేం నలుగురం: యోరిస్, చిన్నమ్మ, సాక్షులుగా నేను, మంజులక్క. పన్నెండు దాటింది. గుమాస్తా గడియారం చూశాడు. అప్పుడు వరండాలో చెప్పుల చప్పుడైంది. పెద్దయ్య తాత. పెదవి వాచి ఉంది, ఎమ్మిగనూరు బస్సు టికెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

"మూడో సాక్షా? ఈయన పేరు చెప్పండి," అన్నాడు గుమాస్తా.

తాత యోరిస్ కట్టు చేతిని చూశాడు. నాలుగేళ్లుగా నరసన్నా అని తప్ప పిలిచినవాడు కాదు. "యోరీసు," అన్నాడు. పన్ను సందులోంచి గాలి పోయింది.

"తండ్రి పేరు?"

చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పీటరు," అన్నాడు తాత. "రాసుకో సారూ."

సంతకం పెట్టాడు. యోరిస్ ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు. సర్టిఫికెట్ చేతికి వచ్చింది. రేపటికల్లా వీసా దరఖాస్తులో పెట్టొచ్చు.

వరండాలోకి రాగానే తాత జేబులోంచి కొత్త మొలతాడు తీశాడు. "సొక్కా ఎత్తప్పా నరసన్నా."

"నాయనా, ఈడనా?"

"ఈడనే. నిన్న తెగింది గదా. రాత్రి పేనినా."

గేటు అవతల ధనుంజయ నిలబడి ఉన్నాడు, తలకు కట్టుతో. చేతిలో రాయి. నేను కేకవేశాను. రాయి వచ్చి తాత వీపుకు తగిలింది. ముసలాయన ముందుకు తూలి యోరిస్ భుజం పట్టుకున్నాడు. లోపలి నుంచి మనుషులు గేటు వైపు పరుగెత్తారు.

తాత వెనక్కి తిరగలేదు. మొలతాడు కొసలు మళ్లీ పట్టుకున్నాడు. "కదలొద్దప్పా," అన్నాడు. "ముడి పడల్యా ఇంకా."