ఆఖరి బేలు

కనకవ్వ మిగిలిన తీగ కూడా తెంపి పక్కకు జరిగింది. బేలు కట్టు తెంపేటప్పుడు ఎదురుగా నిలబడకూడదు. నొక్కి కట్టిన మోపుగా నెలల తరబడి ఓడలో, లారీలో వచ్చిన ప్లాస్టిక్ అది. కట్టు తెగిన మరుక్షణం ఉబ్బి మీద పడుతుంది. ఆ తర్వాత కూడా ఊరుకోదు. నలిగిన సీసాలు ఒక్కొక్కటే పాత రూపానికి వస్తూ రోజంతా టప్పు టప్పుమంటూ ఉంటాయి. పనికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు ఎవరో నడుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. కనకవ్వ అట్లా చూడడం ఎప్పుడో మానేసింది. నిన్న ఈ బేలు పై కట్టు తెంపిన దగ్గర నుంచి మాత్రం మళ్ళీ చూస్తోంది.

పెద్దపల్లి దారిలో మూతపడిన రైస్‌మిల్లు అది. వడ్ల వ్యాపారం దెబ్బతిన్నాక కరుణాకర్‌రావు దొర అందులో పాత ప్లాస్టిక్ పని మొదలుపెట్టాడు. ఊళ్ళ నుంచి వచ్చే చెత్త కొంత, బొంబాయి రేవు మీదుగా వచ్చే పరదేశి బేళ్ళు కొంత. ఆడవాళ్ళు రకాలుగా ఏరుతారు, సిమెంటు గోలెంలో కడుగుతారు. అంబదాస్ వాటిని మిషన్‌లో వేసి ముక్కలు చేస్తాడు. ఆ ముక్కలు హైదరాబాద్ పోయి, కరిగి, బిందెలై, పైపులై, మళ్ళీ ఈ ఊళ్ళకే వస్తాయి.

ఆ పని మంచిదని కనకవ్వకు గట్టి నమ్మకం. మిల్లు పెట్టకముందు, తాను కిరాయికుండే ఇంటి యజమానురాలి లేగదూడ ఒకటి పొట్ట ఉబ్బి చచ్చిపోతే, కోసి చూసినప్పుడు లోపల అంతా సంచులే. ఆ రోజు కనకవ్వ అన్నం తినలేదు. ఇప్పుడు ఆ సంచులు గొడ్ల కడుపులోకి పోకుండా, వాగులో తేలకుండా తన చేతిలోకి వస్తున్నాయి. పాతది కరిగిస్తే కొత్తది చేసేంత నూనె, బొగ్గు కాలవని దొర చెప్తుంటాడు. అది అబద్ధం కాదు. గోలెంలో కడిగిన నురగ నీళ్ళు వెనకనున్న వాగులోకే పోతాయి, ఆ సంగతి దొర చెప్పడు. అదీ అబద్ధం కాదు.

కనకవ్వ సన్నటి మనిషి. సాలెవాళ్ళ ఇంట్లో పుట్టి, సాలెవాళ్ళ ఇంట్లో మెట్టింది. చిన్నప్పుడు గుంట మగ్గం తొక్కిన కుడికాలి బొటనవేలు ఇప్పటికీ పక్కకు తిరిగి ఉంటుంది. వేళ్ళ నిండా కోతలు. తలకు తువ్వాల, నడుముకు గోనెపట్టా. మెట్లెక్కితే ఆయాసం. భర్త సాంబయ్య పవర్‌లూమ్‌ల మీద బతుకు అరగదీసుకుని పోయాడు. పుట్టిన ఒక్క పిల్లా పురిట్లోనే పోయింది. కిరాయి గదిలో ఒక్కతే ఉంటుంది. కబుర్లు చెప్పదు, చెప్తే వింటుంది. పనివాళ్ళలో అట్లాంటి వాళ్ళు ఉన్నారని పక్కవాళ్ళకు కూడా గుర్తుండదు.

నిన్న ఆ బేలులోంచి మొదట వచ్చింది దువ్వెన. పళ్ళ నడుమ తెల్ల వెంట్రుకలు. తర్వాత గులాబీ రంగు చిగుళ్ళతో పళ్ళసెట్టు, మూత ఉన్న గిన్నెలో. కళ్ళద్దాల డబ్బా, పువ్వుల కుండీ, చేతికర్ర పిడి. ఆస్పత్రిలో మణికట్టుకు వేసే పట్టీ, మీద ఏదో పేరు. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున ఏడు గదులుగా ఉన్న మందుల డబ్బా ఒకటి వచ్చింది. ముందు గదులు ఖాళీ, వెనక గదుల్లో మాత్రలు అట్లాగే ఉన్నాయి.

కనకవ్వ ఆ డబ్బాను చాలాసేపు చేతిలో పట్టుకుంది.

"వారం నిండలే సక్కూ," అంది పక్కనే ఏరుతున్న సక్కుబాయితో. "నడుమలనే పోయింది ముసల్ది. గిది చెత్త గాదే. ఒక ఇల్లు."

సక్కుబాయిది ఆదిలాబాద్ అవతల, మరాఠీ పల్లె. చేతిలోది కింద పడేసింది. "నకో అక్కా! సచ్చినోళ్ళ సామాన్లు పొలిమేరల పారేస్తరు, ఎవ్వలు ముట్టరు. ముడితే ఎంబడి వస్తరు."

"ముట్టుడు అయిపోయింది గదనే. ఇగ సాగదోలుడే మిగిలింది."

అప్పుడే బేలు లోపల ఒక సీసా టప్పుమంది. కనకవ్వకు దగ్గు వచ్చింది. ఆమె దగ్గు ఆపిన తర్వాత కూడా బేలు వైపు నుంచి ఎవరో దగ్గినట్టయింది. రేకుల షెడ్డు కాబట్టి చప్పుడు తిరిగి వినపడుతుందని అంబదాస్ అన్నాడు. అన్నవాడు ఆ పూట ఇక బేలు దగ్గరికి రాలేదు.

పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి మూడోనాడు విస్తట్లో పెడతారు. పిట్ట, అంటే కాకి, వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు, ఇంకా ఇక్కడే తిరుగుతున్నట్టు. సాంబయ్యప్పుడు అట్లాంటి ఇబ్బంది రాలేదు. కల్లు, బోటికూర పెట్టి ఇట్లా వెనక్కి జరిగారో లేదో కాకులు కొట్లాడుకున్నాయి. బతికుండగా కూడా ఆయన విస్తరి ముందు క్షణం ఆగేవాడు కాదు.

మరి ఈ ఊరూ పేరూ తెలియని ముసలమ్మకు ఏం ఇష్టం? కనకవ్వ రాత్రంతా దాని గురించే ఆలోచించింది. ఆ బేలులో ఒకే రకం పచ్చ సీసాలు కుప్పగా ఉన్నాయి, ప్రతి దాని మీదా కోసిన నిమ్మకాయ బొమ్మ. అంత తాగిందంటే నిమ్మకాయ అంటే ప్రాణమై ఉంటుంది. అది అంట్లు తోమే సబ్బునీళ్ళ సీసా అని చదువు వచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పేవారు. ఆమె ఎవరినీ అడగలేదు. తెల్లవారక ముందే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి తెచ్చింది.

షెడ్డు వెనక వడ్లు ఆరబోసే పాత సిమెంటు కల్లం ఉంది. పనివాళ్ళు సద్ది తినేది అక్కడే కాబట్టి కాకులకు కరువు ఉండదు. గోడ నీడన మోదుగాకు విస్తరి పరిచి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టి, పులిహోర వడ్డించి కనకవ్వ దూరం జరిగింది.

ఒక్క కాకి లేదు. గోడ మీద లేదు, కరెంటు తీగల మీద లేదు. నిన్నటి నుంచి ఆ చుట్టుపక్కల కాకి అరుపే వినలేదని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

పొద్దెక్కాక కరుణాకర్‌రావు స్కూటర్ మీద వచ్చాడు. మంచి మనిషే. జీతం ఆపడు, కోపం వస్తే అరిచి మళ్ళీ తానే చాయ్ తెప్పిస్తాడు. ఇవాళ మాత్రం ముఖం వాడిపోయి ఉంది.

"ఇగ పరదేశి మాల్ రాదు," అన్నాడు అందరినీ పిలిచి. "దేశాలన్ని కూసోని ఒప్పందం రాసుకున్నయి. ఒకల చెత్త ఇంకొకల మీద అడగకుంట పొయ్యద్దని. మన సర్కారు గూడ సంతకం వెట్టింది. ఇగ కాయిదాలు లేకుంట ఓడ దిగనియ్యరు. రేపు హైద్రాబాద్ నుంచి ఆఫీసర్ వస్తుండు చూసెతందుకు. పొద్దుగూకేలోపట కాయిదాలు లేని గా బేలు మిషన్ల వడాలె."

"మరి మా పని దొరా?" అంది సక్కుబాయి.

"ఊళ్ళ చెత్త ఉండనే ఉండె. మనది మనం ఏరుకుందాం. ఫికర్ జెయ్యకు."

కనకవ్వ ముందుకొచ్చింది. ఆమె నోరు విప్పడం దొరకే కొత్త.

"చెత్త సంగతి రాసుకున్నరు, మంచిదే దొరా. చెత్తెంబడి వచ్చిన మనిషి సంగతి ఏమన్న రాసిండ్రా?"

"ఏ మనిషే?" దొర నవ్వబోయాడు. బేలులో ఏదో కిర్రుమంది. ఆయన నవ్వు సగంలో ఆగింది.

"సచ్చిపోయిన ముసల్ది. పిట్ట ముట్టకముందే మిషన్ల ఏస్తే బిందెలయితది. ఇంటింటికి పోతది. బాలింతలు తాగుతరు, పసిపిల్లలు తాగుతరు. అందరిండ్లల్ల గామెనే ఉంటది. ఒక్క దినం ఆపుండ్రి."

"రేపు ఆఫీసర్ చూస్తే మిల్లుకు తాళమే కనకవ్వా. గప్పుడు మీరందరు ఏం తింటరు?"

దొర మాట కూడా నిజమే. అందుకే ఎక్కువ భయం వేసింది.

దొర పోయాక అంబదాస్ దగ్గరికి పోయి, "తమ్మీ, ముందుగాల ఊళ్ళ మాల్ ఎయ్యి. ముసల్దాన్ని ఆఖరికి ఉంచు," అని బతిమాలింది. అతను బేలు వంక చూడకుండానే తలూపాడు.

మధ్యాహ్నం దాకా మిషన్ ఊరి చెత్తను నమిలింది. కనకవ్వ ముసలమ్మ సామాను కడుగుతూనే ఉంది. మామూలుగా కుప్పలుగా గోలెంలో పోసి కర్రతో కలిపేస్తారు. ఈ సామానును మాత్రం ఆమె ఒక్కొక్కటే తీసి కడిగింది. దువ్వెనలో వెంట్రుకలు తీసి చుట్టి పక్కన పెట్టింది. పళ్ళసెట్టును బట్టలో చుట్టింది. నీళ్ళలో చేయి పెట్టినప్పుడల్లా, ఎండలో కాగిన ఆ నీళ్ళు ఒకచోట మంచులా తగిలేవి. చేయి తీసి ఎండలో పెట్టుకుని మళ్ళీ ముంచేది. మధ్యమధ్య కల్లం వైపు పోయి చూసి వచ్చేది. పులిహోర ఎండిపోతోంది. దాని మీద చీమ కూడా ఎక్కలేదు.

సద్ది వేళ ఎవరూ కల్లం మీదికి పోలేదు. షెడ్డులోనే గోడకు ఆనుకుని తిన్నారు. కనకవ్వ డబ్బా విప్పలేదు.

పొద్దు వాలింది. ఊరి మాల్ అయిపోయింది. అంబదాస్ మిషన్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో బేలు చప్పుడు ఇంకా పెద్దగా వినిపించింది. టప్పు, టప్పు. ఇంట్లో ఎవరో చెప్పులు వేసుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతున్నట్టు. అంబదాస్ బేలు వైపు చూశాడు, కనకవ్వ వైపు చూశాడు.

"జరసేపు ఆగుత అక్కా. పొయి చూసి రా," అన్నాడు.

కనకవ్వ లేచింది. ఆయాసంతో గోడ పట్టుకుని నడిచింది. సక్కుబాయి వెనకే పోయింది. విస్తరి పొద్దున పెట్టినట్టే ఉంది.

"రాదు అక్కా. గామె మన దేశపుది గాదు. మన పిట్టలు గామెకు ఎట్ల తెలుస్తయి?"

కనకవ్వ విస్తరి మీది రాయి సరిచేసింది. "అన్ని ఒక్కొక్కటే ఉన్నయే గా ఇంట్ల," అంది. "కప్పు ఒక్కటి. పళ్ళెం ఒక్కటి. రెండోది ఎతికినా దొరకలే. ఒక్కతే తినితిని పోయింది. గామెకు అన్నం మీద ఏం కోరిక ఉంటది సక్కూ? ఎంబడి కూసోని తినెటోళ్ళు కావాలె."

ఆమె గోడ నీడన చతికిలబడింది. విస్తరికి ఇటువైపు కూర్చుని, చేయి కడుక్కుని, ఒక ముద్ద తీసుకుంది.

"నకో అక్కా! పిట్టకు పెట్టింది తినద్దు!"

"నువ్వు పో బిడ్డా. నువ్వుంటే గామె సిగ్గువడుతది."

సక్కుబాయి భయపడింది. భయంతో పాటు, ఎందుకో ఏడుపు కూడా వచ్చింది. తిరిగి చూడకుండా షెడ్డులోకి నడిచి అంబదాస్ పక్కన నిలబడింది.

కొంతసేపటికి బేలు చప్పుడు ఆగిపోయింది. ఒక్క సీసా కదలలేదు. అప్పుడే గోడ అవతల నుంచి కాకి అరుపు, ఆ వెంటనే ఇంకొకటి, ఆ తర్వాత చాలా.

సక్కుబాయి పరిగెత్తింది. విస్తరి మీద కాకులు ముసురుకుని ఉన్నాయి. కనకవ్వ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది, వేళ్ళకు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"అక్కా, పిట్ట ముట్టింది! చూడు అక్కా," అంది సక్కుబాయి సంతోషంతో.

కనకవ్వ చూడలేదు. ఒక కాకి ఆమె అరచేతిలోని మెతుకు ముక్కుతో తీసుకున్నా చేయి కదల్లేదు.

చీకటి పడకముందే అంబదాస్ ఆ బేలు మొత్తం మిషన్‌లో వేశాడు. మర్నాడు ఆఫీసర్ వచ్చి, ఊడ్చిన నేల చూసి, చాయ్ తాగి పోయాడు. కులంవాళ్ళు నలుగురు వచ్చి కనకవ్వను కాల్చారు.

మూడోనాడు సక్కుబాయి పొయ్యి ముందు కూర్చుని ఏం వండాలో తెలియక పక్కవాళ్ళను అడిగింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. కనకవ్వ గురించి అట్లా కల్పించి చెప్పడానికి కూడా ఎవరికీ ఏమీ తట్టలేదు. ఏది పెడితే అది తినేది అంది ఇంటి యజమానురాలు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని సద్ది తిన్న సక్కుబాయికీ తెలియదు. అది తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కనకవ్వ గదంతా వెతికితే గూట్లో పరదేశి మందుల సీసా ఒకటి దొరికింది, నారింజ రంగుది. లోపల ఏదో ఉంది, ఊపితే గలగలమంటుంది. బెల్లం ముక్కలో, పేలాలో, చింతగింజలో. మూత పిల్లలు తీయకుండా చేసింది, తిప్పితే తిరుగుతూనే ఉంటుంది తప్ప ఊడిరాదు. అట్లాంటి సీసాలను మిల్లులో సుత్తెతో పగలగొడతారు. లోపల దాచుకుందంటే, దీన్ని పగలగొట్టకుండా ఎట్లా తెరవాలో కనకవ్వకు తెలుసన్నమాట. అంబదాస్ రాయి తీశాడు. సక్కుబాయి వద్దంది.

తెల్లన్నం వండి కల్లం మీద విస్తరి వేశారు. అన్నం పక్కన ఆ సీసా పెట్టి అందరూ దూరం జరిగారు. కాకులు వచ్చి గోడ మీద వరసగా కూర్చున్నాయి. ఏదీ కిందికి దిగలేదు. గాలి లేదు. విస్తరి మీద, ఎండలో, మూత బిగిసిన నారింజ రంగు సీసా లోపల ఏదో చిన్నగా గలగలమంది.