గౌరీశంకరం మాస్టారి దవడ పన్ను

రేపల్లెలో గౌరీశంకరం మాస్టారింట పొద్దున్నే కాఫీ, కాఫీ వెనక పేపరు, పేపరు వెనక పన్ను. నాలుగు నెలలుగా ఇదే వరస. ఎడమవైపు కింది దవడ పన్ను సలపడం మొదలైతే చాలు, మాట్లాడుతుంది. అదీ మాస్టారి గొంతుతోనే, ఫోనులో పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాద గొంతుతో.

"అమ్మాయి తెలివైనదేనండి. కానీ నోరెక్కువ. మీరే ఆలోచించుకోండి."

"మొదలెట్టిందా మీ పన్ను? లవంగం నొక్కిపెట్టండి. పాలబ్బాయి వినీ వినీ విసిగిపోయాడు" అంది శ్యామలాంబ వంటింట్లోంచి.

నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఆ అమ్మాయి ఎవరని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే మాస్టారు ఏదో ఒక అబద్ధం చెప్పేవారు. అడక్కపోవడమే ఆయన్ని తలెత్తనివ్వలేదు.

ఆ రోజు బుగ్గ బూరెలా పొంగింది. ఇక లాభం లేదని తెనాలి రైలెక్కారు. కండువా మూతికి అడ్డం పెట్టుకున్నా పన్ను ఊరుకోలేదు. పల్లీలమ్మే అతను విని, "చెడిన పన్ను అంతేనండి బాబాయ్. మా అత్తది ఆర్నెల్లు అరిచింది. పీకించేసుకోండి" అని పొట్లం కట్టుకుంటూ పోయాడు.

ఆ అమ్మాయి పేరు గీతిక. భట్టిప్రోలు పిల్ల. వక్తృత్వ పోటీలకు ఆమెను తయారుచేసింది మాస్టారే. ఎనిమిదేళ్ళ కిందట బాపట్లలో బహుమతుల సభలో ఆయన మైకు పట్టుకుని, భట్టిప్రోలు శాసనాలకు వెయ్యేళ్ళ చరిత్ర ఉందన్నారు. "రెండు వేల ఏళ్ళు దాటిందండి మాస్టారూ" అంది గీతిక, చేతిలో కప్పుతో, ముందు వరసలోంచి. హాలంతా చప్పట్లు. మాస్టారు కూడా కొట్టారు. కొట్టిన చేతులు మర్చిపోయాయి గానీ కడుపు మర్చిపోలేదు.

మొన్న జూన్‌లో తెనాలిలో ఒక కాలేజీ కరస్పాండెంటు బసవేశ్వరరావు గారు ఫోన్ చేశారు. చరిత్ర లెక్చరర్ ఉద్యోగానికి గీతిక వచ్చిందట. మీ స్టూడెంటే కదా, ఎలాంటిదండీ అని ఆరా. మన వైపు సర్టిఫికెట్లు చూడ్డం లాంఛనం, అసలు పని జరిగేది ఆరాతోనే. మాస్టారు మూడు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశారు. అబద్ధం ఒక్కటీ లేదు. పన్ను ఆ రాత్రే పట్టుకుంది.

డాక్టర్ ప్రతాప్ క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని పేర్లు రాస్తోంది గీతికే.

"మాస్టారూ!" అని లేచి నిలబడింది. "అయ్యయ్యో, ఎంత వాచిందండీ! ఇలా ఫ్యాన్ కింద కూర్చోండి. మీ పేరు ముందు రాస్తాను."

కండువాలోంచి పన్ను అందుకుంది. "అమ్మాయి తెలివైనదేనండి..."

మాస్టారు నాలుకతో లవంగాన్ని కసిగా నొక్కారు.

"ఎవరండీ పాపం ఆ అమ్మాయి?" అని నవ్వింది గీతిక.

లోపల డాక్టర్ లైటు వేసి చూశాడు. "వేరు దాకా చీము పట్టిందండి. రెండు దార్లున్నాయి. రూట్ కెనాల్ చేస్తే నరం తీసేస్తాను. నొప్పి పోతుంది, మాటా ఆగిపోతుంది. క్యాప్ వేసుకుని హాయిగా శనగలు నమలొచ్చు. పీకితే ఇవాళే తేలిపోతుంది. కాకపోతే మాట్లాడే పళ్ళు ఊడేటప్పుడు దాచిందంతా పైకి కక్కుతాయి. బయట జనం ఉన్నారు మరి."

"తలుపు వేస్తారా?"

"తలుపెక్కడిదండీ, కర్టెనే."

"రూట్ కెనాలే చెయ్యండి" అన్నారు మాస్టారు చటుక్కున.

సంతకం పెట్టించడానికి గీతిక కాగితం తెచ్చింది. డాక్టర్ చేతులు కడుక్కోవడానికి పక్కకెళ్ళాడు. ఆమె గొంతు తగ్గించింది. "ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ మాస్టారూ... ఆ బసవేశ్వరరావు గారి కాలేజీలో మళ్ళీ ఖాళీ వచ్చిందటండి. జూన్‌లో నన్నెందుకు వద్దన్నారో చెప్పనైనా లేదు. ఆయనకి మీరంటే గురి. మీరొక్క మాట చెబితే..."

మాస్టారు తలూపారు. ఊపుతుంటేనే ప్రాణం తేలికపడింది. పన్ను నిలుస్తుంది, ఫోన్ చేస్తే పిల్లకి ఉద్యోగమూ వస్తుంది. తప్పు దిద్దితే చాలదూ, ఒప్పుకోవడం కూడా దేనికి? పెద్దమనుషులందరూ నడిచే దారే ఇది, ఎంత నున్నగా ఉంటుందో!

గీతిక చప్పున వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది.

ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. కుర్చీ వాల్చి ఉంది, ఎక్కడికని లాక్కుంటారు? ఇక బతికినన్నాళ్ళూ ఈ పిల్ల ఎక్కడ కనిపించినా ఇలాగే వంగుతుంది.

"పీకెయ్యండి" అన్నారు డాక్టర్ రాగానే.

"నిలిచే పన్నండీ అది!"

"పీకెయ్యండి బాబూ."

మత్తు ఇంజెక్షన్ పడింది. పట్టకారు బిగిసింది. పన్ను బయటికి వస్తూనే గొంతెత్తింది, కర్టెన్ ఊగింది. "బసవేశ్వరరావు గారూ, భట్టిప్రోలు గీతికేనా అండి? అమ్మాయి తెలివైనదేనండి. కానీ నోరెక్కువ. మీరే ఆలోచించుకోండి." క్షణం ఆగి, ఫోనులో చెప్పని ముక్క కూడా చెప్పింది. "బాపట్లలో నలుగురిలో నా తప్పు దిద్దింది. తప్పు నాదే. అదే నాకు మింగుడు పడలేదు."

బయట బెంచీ మీద, నగరం అనే ఊరి నుంచి పన్ను చూపించుకోవడానికి వచ్చిన విజయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "హవ్వ! ఈయనేం మాస్టారమ్మా!"

గీతిక ఏడవలేదు, అరవలేదు. దూది ఉండ చేసి ఆయన చిగురు మీద పెట్టింది.

"కొరికి పట్టుకోండి. అరగంట నోరు విప్పకూడదు."

ట్రేలో పన్ను ఇంకా గొణుగుతోంది. దాన్ని చిన్న మాత్రల డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఇది నేను తీసుకెళ్తున్నానండి. మీరు ఫోన్ చెయ్యక్కర్లేదు."

ఆ పన్ను బసవేశ్వరరావు గారి టేబుల్ మీద ఎంతసేపు మాట్లాడిందో మాస్టారికి తెలియదు. ఆయన దగ్గర్నుంచి మాత్రం మళ్ళీ ఫోన్ రాలేదు.

మూడు వారాల తర్వాత చిగురు చూపించుకోవడానికి మళ్ళీ తెనాలి రైలెక్కారు. భట్టిప్రోలులో గీతిక ఎక్కింది. చంకలో చరిత్ర పుస్తకం, అటెండెన్సు రిజిస్టరు. పెట్టెంతా కిటకిటలాడుతోంది. చోటు ఆయన పక్కనే ఉంది. ఆయన చేతులు ఒళ్ళో ముడుచుకుపోయాయి.

గీతిక ఆయన్ని చూసింది. నమస్కారం పెట్టలేదు.

"కాస్త జరగండి" అంది, రైల్లో ఎవరితోనైనా అన్నట్టు.

మాస్టారు కిటికీ వైపు జరిగి చోటిచ్చారు.