జయరామప్పకు వేసిన ఆకు

అది 1966. పెద్దల అమావాస్య నాడు యలహంకలో మునివెంకటమ్మకు ఒకటే బెంగ. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో వడ్డించి, తలుపు మూసి, వాళ్లు తిని వెళ్లేదాకా ఇంటివాళ్లంతా బయట ఉండాలి. ఇష్టమైనది కనబడకపోతే ఆకు ముట్టకుండానే వెళ్లిపోతారని నమ్మకం. విమానం కూలి కొడుకు జయరామప్ప పోయి ఏడాదైంది. వాడికిదే మొదటి ఆకు. తీరా చూస్తే వాడికేం ఇష్టమో కన్నతల్లికి తెలియదు.

తెలిసే వీలేదీ? చిన్నతనంలోనే హాస్టల్లో పడ్డాడు. ఆ తరవాత కాలేజీ, ఎయిర్‌ఫోర్సు. ఇంటికొస్తే చుట్టపుచూపే. ఏది పెట్టినా "బాగుండాదమ్మా" అని లేచిపోయేవాడు.

అందుకే కాలేజీలో వాడి గదిలోనే ఉన్న సుందరరావును పిలిపించింది. చర్చికి వెళ్లే మనిషి, ఈ తంతు అతనికి కొత్త. అయినా ఒక కేకు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. స్నేహితుడి మాటెత్తితే ఇక అతనికి పట్టపగ్గాల్లేవు. నాటకంలో ఆడవేషం కట్టి చప్పట్లు కొట్టించుకున్నవాడే మర్నాడు హాకీలో మోకాలు పగలగొట్టుకున్నాడట. అస్సాం కొండల్లో జవాన్లకు విమానంలోంచి బియ్యం మూటలు జారవిడిచాడట. జోధ్‌పూరులో కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పుతూ, ఆదివారమొస్తే మోటారుసైకిళ్లు విప్పుకుని ఒళ్లంతా మసి పూసుకునేవాడట.

"అదంతా సరేనప్పా, వాడు తినేదేమి?" అని మునివెంకటమ్మ విసుక్కుంది.

మెస్సులో ఆమ్లెట్టు అన్నాడు. కంటోన్మెంటులో ఈ కేకే అన్నాడు. మునివెంకటమ్మ అన్నీ వింది. ఇంతమంది జయరామప్పల్లో తన బిడ్డ ఒక్కడూ లేడు.

"ఒకటుందమ్మా," అన్నాడు సుందరరావు నవ్వుతూ. "కాలేజీ హాస్టల్లో రాగిసంగటి చేసిన రోజు, గిన్నె అడుగున మాడు నాకే కావాలని వంటవాడితో కొట్లాడేవాడు. 'మా అమ్మ ఎవరికీ పెట్టకుండా నాకోసం దాచేది' అని మా అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు."

మునివెంకటమ్మ తలెత్తి చూసింది. దాచడమా! అందరికన్నా ఆఖర్న బడి నుంచి వచ్చేవాడికి కుండలో మిగిలేది అదే. బిడ్డకు మెత్తటి ముద్ద పెట్టలేకపోయానని ఇన్నేళ్లూ లోలోపల కుమిలింది.

కళ్లు తుడుచుకుని పొయ్యి రాజేసి ఆమ్లెట్టు వేసింది. సంగటి కావాలనే అడుగంటనిచ్చి, మాడు గోకి, కేకూ ఆమ్లెట్టూ పక్కకు జరిపి ఆకు నడిమధ్యన పెట్టింది. తలుపు మూసి వచ్చి అరుగు మీద కూర్చుంది.

కాసేపయ్యాక సుందరరావు మెల్లగా అడిగాడు. "తలుపు తీద్దామా అమ్మా?"

"ఇంకొంచేపు ఉండప్పా," అంది. "మాడు గదా, నమిలేకి వానికి శానా సేపు పడతాది."