మూడో వీధి రోడ్డుకు పరామర్శ

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో హెడ్ క్లర్కు భీమశంకరరావు ఏ దరఖాస్తులోనూ ఒక్క అబద్ధం రాసి ఎరగడు. రిటైరయ్యాక కూడా ఆ రోగం వదల్లేదు.

శంషాబాద్‌లో వాళ్ల కాలనీ మూడో వీధిని డ్రైనేజీ పైపుల కోసమని తవ్వి, నాలుగు నెలలుగా అలాగే వదిలేశారు. నెత్తిమీద విమానాల మీద విమానాలు! దుబాయ్ నుంచి వచ్చేవాళ్లు హాయిగా దిగిపోతున్నారు. అత్తాపూర్ నుంచి వచ్చే ఆటో మాత్రం మెయిన్ రోడ్డు దాటి ఒక్క అడుగు లోపలికి రానంటుంది. ఎవరితో చెప్పుకోవాలి ఈ చోద్యం?

సరిగ్గా అప్పుడే భార్య చాముండేశ్వరికి మోకాలి ఆపరేషన్ అయింది. కాలు జారిందో, కథ మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు బెదిరించాడు. ఆవిడ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి నడుస్తూ క్యాలెండరు వంక చూసుకుంటోంది. ఇంకో పన్నెండు రోజుల్లో అత్తాపూర్‌లో కూతురు కావేరి సీమంతం.

"తల్లి లేకుండా సీమంతమేమిటండీ? వీడియో కాల్లో తొడగనా గాజులు?" అంది. నవ్వుతూనే అని, మళ్లీ క్యాలెండరు వంక చూసింది. రావుకి ఆ రోజు అన్నం సయించలేదు.

ఎమ్మెల్యేగారికి ఒక యాప్ ఉంది. అందులో రావు అప్పటికే నాలుగు ఫిర్యాదులు పెట్టి ఉన్నాడు. విషయము, సూచిక, జతపరచినవి, అన్నీ పద్ధతిగా. నాలుగింటికీ మూడో రోజుకల్లా జవాబొచ్చింది: 'మీ సమస్య పరిష్కరించబడింది.' పాపం, నాలుగుసార్లూ వెర్రిమొహంతో గేటు దాకా వెళ్లి చూశాడు. గుంట గుంటలాగే ఉంది.

మర్నాడు ఐదోది రాస్తుండగా పాలు పోయడానికి పోచమ్మ వచ్చింది. పక్క ఊరి రైతు కుటుంబం ఆమెది. మోకాళ్ల దాకా బురద.

"ఏంది సారూ, పొద్దుగాల్నే ఫోను ముంగట కూసున్నవు?"

"ఫిర్యాదు పెడుతున్నా పోచమ్మా."

"ఫిర్యాదులు ఎవరు సూస్తరు? ఎవరన్న సచ్చిపోయిన్రని పెట్టు. తెల్లారేసరికి ఎమ్మెల్యే దండ పట్టుకొని వస్తడు. మా ఈశ్వరయ్య బాపు పోయినప్పుడు గట్లనే వచ్చిండు."

నిజమే. యాప్‌లో 'ఫిర్యాదు' కింద 'పరామర్శ' అని ఇంకో గడి ఉంది.

"ఛీ ఛీ! బతికున్నవాళ్లను చంపి అబద్ధం రాయమంటావా?"

"అబద్ధమెందుకు? నిజంగ సచ్చినదాన్నే రాయి." పోచమ్మ వీధి వైపు వేలు చూపించింది.

రావు 'పరామర్శ' గడి తెరిచి వివరాలు నింపాడు. ఏ గడిలోనూ తప్పు దొర్లలేదు. మృతుని పేరు: మూడో వీధి రోడ్డు. వయసు: తొమ్మిదేళ్లు. మృతికి కారణం: తవ్వి వదిలేయుట. కుటుంబ సభ్యులు: నలభై ఇళ్లవారు.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. 'శ్రీ మూడో వీధి రోడ్డు గారి ఆకస్మిక మరణం నన్ను తీవ్రంగా కలచివేసింది. వారితో నాకు ఎంతో అనుబంధం ఉంది. రేపు ఉదయం స్వయంగా వచ్చి పరామర్శిస్తాను.'

"ఓరి దేవుడో! మనల్ని జైల్లో పెట్టిస్తారా ఏమిటి?" అని చాముండేశ్వరి లబలబలాడింది. రావు వెంటనే ఫోను తీశాడు, కానీ పంపిన దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి ఆ యాప్‌లో గడి లేదు.

పొద్దున పదకొండింటికి మెయిన్ రోడ్డు మీద నాలుగు కార్లు ఆగాయి. తెల్ల ప్యాంటు పైకి మడిచి ఎమ్మెల్యే గుంటల్లో నడవసాగాడు. వెనక పీఏ శ్రావణ్‌కుమార్, చేతిలో బంతిపూల దండ. సగం దూరంలో ఎమ్మెల్యే ఎడమ చెప్పు బురదలోకి పోయింది. పోయింది పోయినట్టే, మళ్లీ కనపడలేదు.

"ఇంటోళ్లు ఎవరు? ఫోటో ఏడ పెట్టిన్రు?" అనడిగాడు, ఒంటికాలి చెప్పుతో.

రావు దరఖాస్తును ముందే ప్రింటు తీయించి పెట్టుకున్నాడు. ఆ కాగితం చేతికిచ్చాడు. ఎమ్మెల్యే ఒకసారి చదివాడు, పీఏ వంక చూశాడు, మళ్లీ చదివాడు. మొహం కందగడ్డయింది. ఇక అయిపోయాను అనుకున్నాడు రావు.

అంతలో పోచమ్మ పాలక్యాను పక్కన పెట్టి గుంట ఒడ్డున చతికిలబడి, రాగం తీసి ఏడుపందుకుంది.

"ఓ నా రోడ్డా! తొమ్మిదేండ్లు మమ్ముల మోస్తివి గదనే! సారు దండ తెచ్చిండు, ఒక్కసారి లేసి సూడరాదే!"

నలభై ఇళ్ల గుమ్మాల్లో నవ్వు. నలభై ఇళ్ల చేతుల్లో ఫోన్లు, అన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. ఎమ్మెల్యే ఆ ఫోన్లు చూశాడు, తన బురద కాలు చూసుకున్నాడు.

"ముందుగాల ఫిర్యాదు పెట్టొద్దా పెద్దమనిషీ?"

రావు ఇంకో నాలుగు కాగితాలు తీశాడు. నాలుగింటి మీదా 'పరిష్కరించబడింది'.

ఎమ్మెల్యే పెదాలు బిగించాడు గానీ నవ్వు ఆగలేదు. పీఏ చేతిలోంచి దండ లాక్కుని గుంట పక్కనున్న రాయి మీద వేశాడు. "శ్రావణ్, పదకొండో దినం లోపల ఈ రోడ్డు లేవాలె. లేకుంటే దినాలు నీతోనే పెట్టిస్త."

పదో రోజున ట్రాక్టర్లు మొరం తెచ్చి పోశాయి. రోలరు అటూ ఇటూ తిరిగింది.

సీమంతం రోజు పొద్దున్నే కారు నేరుగా గేటు ముందుకొచ్చి ఆగింది. రావు డోరు తీసి పట్టుకున్నాడు. చాముండేశ్వరి ఎక్కలేదు.

"కారు మెయిన్ రోడ్డు దాకా పోనివ్వండి. నేను నడిచి వస్తాను."

చేతికర్ర పట్టుకుని, పట్టుచీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి, ఒక్కో అడుగూ వేసుకుంటూ బయల్దేరింది. గాజుల పెట్టె పట్టుకుని రావు వెనకే నడిచాడు. కళ్లు చెమర్చి ఆయనకు దారి సరిగ్గా కనిపించలేదు.

"జర పైలం అమ్మా!" ఎదురొచ్చిన పోచమ్మ పక్కకు జరిగి దారిచ్చింది.

సగం దూరంలో రావు ఫోను మోగింది.

"ఏమిటండీ?" వెనక్కి తిరగకుండానే అడిగింది చాముండేశ్వరి.

"యాప్ వాళ్లు. 'మీరు తెలిపిన మరణం పరిష్కరించబడింది' అట. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడుగుతున్నారు."

"ఐదూ ఇచ్చేయండి," అందావిడ. "పాపం, చెప్పు కూడా పోగొట్టుకున్నాడు."