ఖాళీ నమూనాలో పొగాకు

సూరత్‌లో, ఆల్థాన్‌లోని ఆ పరీక్షశాలలో ధాన్యంలోని విషాలు పట్టే యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. లస్మయ్య ముక్కు దానికంటే గట్టిది. సంచి మూతి విప్పకముందే లోపలి సజ్జల్లో ఉమ్మెత్త గింజ కలిసిందో లేదో చెప్పేసేవాడు. నా మాట నమ్మండి.

ఆ పొద్దున కూడా లస్మయ్య మర ముందు నిలబడి పిండి పట్టిస్తున్నాడు. పొట్టి మనిషి, వంగిన భుజాలు, కనుబొమల మీద కూడా పిండి. సగం వయసు సాంచెల కార్ఖానాలో, మరమగ్గాల మోతలో గడిపాడు కాబట్టి చప్పుడు లేని గదిలోనూ కేకేసినట్టే మాట్లాడతాడు. ఊపిరి ఆడక సాంచెలు వదిలాక దొరికిన నీడపట్టు పని ఇది. ఇది పోతే ఈ వయసులో ఏ మిల్లు గేటో కాయాలి.

రోజూ మొదట శుభ్రమైన బియ్యం విసురుతాడు. అందులో విషమేమీ ఉండదు. యంత్రం కూడా లేదనే చెప్పాలి. అప్పుడే తర్వాతి నమూనాల ఫలితం నమ్ముతారు. దాన్ని ఖాళీ నమూనా అంటారు. ఇక యంత్రం చేసేదంతా తూకమే. పిండిలోంచి తీసిన రసాన్ని ఆవిరి చేసి, కంటికి ఆనని రేణువులను తూస్తుంది. ఉమ్మెత్త విషానిది ఒక బరువు, గన్నేరుది ఒకటి, పొగాకులోని నికోటిన్‌ది మరొకటి. లస్మయ్య దాన్ని తక్కెడ అనే పిలుస్తాడు.

యంత్రం నడిపే చాందిని తలుపు తోసుకుని వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"కాకా, ఖాళీ నమూనాల మళ్ల నికోటిన్! తంబాకు తింటున్నవా?"

"నేనా? నా జిందగీల ముట్టలే బిడ్డా. నీ తక్కెడకే నిషా ఎక్కినట్టున్నది."

"మజాక్ కాదు కాకా. రిపోర్టులన్ని ఆగిపోయినయ్. సాహెబ్ ఫుల్ గుస్సాల ఉన్నరు. ఎక్కడి నుంచి వస్తున్నదో ఇయ్యాల తేలాలె."

మరనూ, ఏప్రన్‌నూ, చివరికి అతడి టిఫిన్ డబ్బానూ తడి దూదితో తుడిచి, ఆ దూదిని పరీక్షకు పెట్టింది. మధ్యాహ్నానికి తేలింది.

"మర సాఫ్. ఏప్రన్ సాఫ్. నీ డబ్బా మూత మీదనే ఉన్నది కాకా. మస్తుగ ఉన్నది."

పొద్దున రాగానే మెట్ల మీద కూర్చుని రొట్టె తిని, చేయి కడుక్కుని, డబ్బాకు మూత బిగించి, ఆ చేత్తోనే గ్లౌజులు లాక్కుంటాడు. ఆ డబ్బా కట్టేది భార్య లలితమ్మ. తెల్లారి పంపు దగ్గర నల్లటి పొడి వేలికి అద్దుకుని చిగుళ్లకు రుద్దుకుంటుంది, ఆ వేలితోనే డబ్బా మూత నొక్కుతుంది. పళ్లపొడి అనుకున్నాడు ఇన్నేళ్లూ. పక్కింటి గుజరాతీ ముసలమ్మలు రుద్దుకునే ఛీంకణీ, పొగాకు పొడి అది!

ముక్కు గట్టిదన్నాను కదూ? వట్టిదే. సాంచెల దుమ్ము పీల్చి పీల్చి ఆ ముక్కు ఎప్పుడో పోయింది. అతడికి కిరసనాయిలుకూ కొబ్బరినూనెకూ తేడా తెలియదు.

లలితమ్మ మెడలో తులసిమాల. సూరత్ శివారు ఉన్‌లో తామున్న వాడ భజనకు పెద్ద దిక్కు ఆమే. బీడీ తాగే మగాళ్లను నడివీధిలో నిలబెట్టి కడిగేస్తుంది. చాందిని తల్లి ఆ భజనలోనే తాళం వేస్తుంది. ఈ మాట గది దాటితే సాయంత్రానికి వాడంతా నవ్వుతుంది.

"ఇంట్ల ఎవరన్న తింటరా కాకా?"

"నేనే తింట బిడ్డా. ఇందాక అబద్ధమాడిన."

"ఏంది కాకా! మావానా, గుట్కానా?"

లస్మయ్య రెండూ నోట పెట్టి ఎరగడు. "ఏది దొర్కితె గది," అన్నాడు.

సంగతి విని పరీక్షశాల సాహెబ్ రేపటినుంచి రావద్దన్నాడు. లస్మయ్య మర తుడిచి, దాని మీద గుడ్డ కప్పి ఇంటికి పోయాడు.

"ఏంది, గింత జల్ది వచ్చినవ్?" అంది లలితమ్మ.

"నౌకరి ఊడింది. తంబాకు తింటున్ననట."

"నువ్వా!" అని కొంగు బిగించబోయి ఆగింది. "నువ్వేమన్నవ్ మరి?"

"తింటున్న అన్న."

ఆమె అతడి ముఖం చూసింది, తర్వాత తన వేలు చూసుకుంది. "జర కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త," అంది. ఆ సాయంత్రం భజన ఆమె లేకుండానే జరిగింది. మర్నాడు పంపు దగ్గర ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించింది.

లస్మయ్య ఇప్పుడు సూరత్ పక్కనే సచిన్ అనే చోట ఒక మిల్లు గేటు కాస్తున్నాడు. పరీక్షశాలలో మంచినీళ్ల కుళాయి పక్కన అతడు మరిచిపోయిన స్టీలు గ్లాసు ఒకటి ఉంది. దాని మీద తెలుగులో 'లలితమ్మ' అని పేరు కొట్టించి ఉందనీ, అక్కడ ఎవరికీ ఆ అక్షరాలు చదవడం రాదనీ మీకు చెప్పి ముగిద్దామనుకున్నాను. గ్లాసు మీద పేరు నేను కల్పించిందే. గ్లాసు మాత్రం ఉంది. చాందిని దాన్ని రోజూ కడిగి బోర్లిస్తుంది.