అరిగిపోయిన నవ్వు

నతానియేలు నవల పూర్తయి ఏడాదైంది. అయినా అది అతని సంచి దాటలేదు.

ఆళ్లగడ్డలో సుబ్బయ్య శిల్పాల షెడ్డులో అతనిది నునుపు పట్టే పని. సుబ్బయ్య ఉలితో చెక్కి వదిలిన విగ్రహాన్ని, నీళ్లు పోసుకుంటూ గరుకు కాగితంతో అద్దంలా రుద్దాలి. ఆ అలవాటు రాతకూ పట్టుకుంది. ఆఖరి అధ్యాయాన్ని రుద్దుతూనే ఉన్నాడు. ఇవాళ తీసేసిన మాటను రేపు మళ్లీ తెచ్చిపెట్టేవాడు. నంద్యాలలో మాసపత్రిక నడిపే శ్యాంసుందర్ ఓపిక నశించి ఫోన్ చేశాడు.

"శనివారం తెస్తే సీరియల్ మొదలుపెడతా, అన్నా. ల్యాకుంటే ఆ పేజీలు ఇంగొకరికి ఇస్తాండా."

ఆ ఇంకొకరెవరో నతానియేలుకు తెలుసు. రిటైరైన తహసీల్దారు. 'ఎనిమిదిలో బడి మానేసినోడు నవల రాసినాడంట' అని నిండు సభలో నవ్వి, అందరినీ నవ్వించిన మనిషి. అది తలుచుకుంటే నతానియేలుకు ఇప్పటికీ ముద్ద దిగదు. అచ్చయ్యాక మళ్లీ నవ్వుతారేమోనని రుద్దుడు. రుద్దుడు ఆగితే ఇక తన చేతుల్లో ఏముంటుందన్నది దానికంటే పెద్ద భయం. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం అమ్మవారి ముఖం రుద్దుతూ నవల ఆఖరి పేజీ ఆలోచనలో పడిపోయాడు. బస్సెక్కిన సుజాత వెనక్కి తిరిగి చూడాలా, వద్దా?

"రేయ్! ఆపురా!"

సుబ్బయ్య పరుగున వచ్చి చేతిలోని గరుకు కాగితం లాగేశాడు. నీళ్లు తుడిచి చూస్తే పెదవంచు అరిగిపోయింది.

"ఏందిరా ఇది? అమ్మ నవ్వు యాడికి పోయె?"

"రోంత నునుపు రావల్లని..."

"నునుపు వచ్చి శానాసేపాయె. నువ్వు రుద్దింది నవ్వును! మీ యేసయ్య బొమ్మైతే ఇట్లే రుద్దుతావా?"

"మాకు బొమ్మలు ల్యావు గదన్నా."

"నోటికేం తక్కువ ల్యా నీకు."

తిడుతూనే సుబ్బయ్య ఉలి తీసుకుని పెదవంచును కొద్దిగా లోపలికి దించాడు. నవ్వు మెల్లగా తిరిగొచ్చింది. ఇక మిగిలింది ఉలితో కళ్లు తెరవడమే. అంతకుముందు ఆయన లేచి వెళ్లి, తర్వాతి విగ్రహానికని పక్కన పెట్టిన కొత్త బండ మీద సుద్దతో ఒక గీత గీసి వచ్చాడు. ఏ శాస్త్రంలోనూ లేదు, వాళ్ల నాయన నేర్పిన పద్ధతి. ఇన్నేళ్లుగా చూస్తున్నా నతానియేలు ఎన్నడూ అడగలేదు.

"ఎందుకన్నా ఆ గీత?"

"కండ్లు తెరిస్తే అమ్మ మనది గాదు, లారీ ఎక్కి పోతాది. ఆడ గీత ఉంటే ఈడ చెయ్యి సులువుగా ఇడుస్తాది. ల్యాకుంటే నీ మాదిరి మూతి అరిగిందాకా పట్టుకోని ఉంటాది."

తెల్లారి నతానియేలు సంచిలో తెల్లకాగితాలు పెట్టుకుంటుంటే భార్య ఎస్తేరు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంగా రాసేదుందా ఏమప్పా? నువ్వు ముగించేసరికి ఆ పత్రికే ముగుస్తాది."

"దానికి గాదు లేవే. కొత్తదానికి గీత గీసుకోవల్ల."

నంద్యాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాగితం మోకాలి మీద పెట్టాడు. ఏడాదిగా మింగుడుపడని ఆ నవ్వు ఉన్నట్టుండి చేతిలోకి దిగింది.

'సభలో అందరూ నవ్వారు. మూల నిలబడ్డ బండల మనిషి మాత్రం ఎవరి నోట్లో ఏ పన్ను పుచ్చిందో చూసుకుంటున్నాడు.'

చదువుకుని తనే గట్టిగా నవ్వాడు. ముందు సీటు ఆమె తిరిగి చూసింది.

నంద్యాలలో శ్యాంసుందర్ బల్ల మీద పాత నవల పెట్టి చెయ్యి తీసేశాడు. శ్యాంసుందర్ ఆఖరి పేజీ తిప్పాడు.

"మళ్లీ మారుస్తానని రావు గదా? సుజాత వెనక్కి తిరిగి చూడదా అన్నా?"

"చూడదు. నేనే కండ్లు తెరిచేసినాను. ఇంగ ఆ పాప నాది గాదు. వచ్చే నెల్లోనే ఎయ్యి. తహసీల్దారుకు ఒక కాపీ నా పేరు మీద పంపు."

బస్టాండులో బెంచీ మీద కూర్చుని మళ్లీ కాగితం తీశాడు. ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది.

"ఏం పెద్దాయనా, రావా?" కండక్టర్ అరిచాడు.

నతానియేలు తల ఎత్తలేదు.

"పోప్పా. ఇంగోటి వస్తాది."